కళ్లంలో ఆరబోసిన కారు

మా బావగారు వెంకటరాజు విప్పని వస్తువు వాళ్లింట్లో లేదు. విప్పాక మళ్లీ బిగించిన వస్తువు కూడా లేదు. రేడియో, గోడ గడియారం, మిక్సీ, మా అక్క కాపురానికి తెచ్చుకున్న టేబుల్ ఫ్యాను, అన్నీ ఆయన చేతిలో ముక్కలై, ముక్కలు గోనెసంచుల్లోకి, సంచులు అటక మీదికి చేరాయి. ఏది అడిగినా "ఎక్కడికీ పోలేదు, పైనే ఉంది" అని కులాసాగా చెప్పేవారు. అటక మీద అంత సరంజామా పెట్టుకుని ఆ ఇంట్లో వేసవికాలం విసనకర్రతో గడిచేది.

ఆయన మండపేట దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వస్తువు పాడైందని విప్పేవారు కాదు, లోపల ఎలా ఉంటుందో బొమ్మ వేయాలని విప్పేవారు. ఆ బొమ్మలు చూస్తే మాత్రం దణ్ణం పెట్టాల్సిందే. ఆయన వేసిన గడియారం బొమ్మలో పళ్లచక్రం పళ్లన్నీ విడివిడిగా కనపడతాయి, తీగ చుట్టు కదులుతున్నట్టే ఉంటుంది. బొమ్మ పూర్తయ్యేసరికి ఆయన సరదా కూడా పూర్తయ్యేది. ఇక ఆ గడియారం టైము చూపిస్తే ఎంత, చూపించకపోతే ఎంత!

నాకు ఆయన అంటే చాలా ఇష్టం. ఆయన పద్ధతి అంటే ఒళ్లుమంట. నేను రైస్ మిల్లు నడిపేవాణ్ణి. ఒక్క బోల్టు ఊడితే జల్లెడ ఆగుతుంది, జల్లెడ ఆగితే లారీ ఆగుతుంది, లారీ ఆగితే నా నోరు ఆగదు. అలాంటి నాకు ఇలాంటి బావగారిని చూసి తెచ్చారు మా నాన్నగారు. తెచ్చినందుకు ఆయన ఏనాడూ బాధపడలేదు. "మనిషి బంగారం, చేతికి పానా మాత్రం ఇవ్వకండి" అనేవారు.

ఆ నాన్నగారిదే ఫియట్ కారు. మిల్లు బాగా ఆడిన రోజుల్లో కొన్నారు. పాలమీగడ రంగు, గుండ్రటి ముక్కు, స్టీరింగు పక్కనే గేరు కాడ. మా మిల్లు వెనక ధాన్యం ఆరబోసుకునే పెద్ద సిమెంటు కళ్లం ఉంది. ఆ కళ్లంలో మా అక్క రత్నమాణిక్యానికి నాన్నగారే డ్రైవింగు నేర్పారు. నాకు నేర్పమంటే, "నీకు కోపం ఎక్కువ, స్టీరింగు దానికిస్తాను" అన్నారు. నేను తర్వాత లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నాను గానీ, అక్క నడిపినట్టు ఈనాటికీ నడపలేను. గేరు మార్చినట్టు కూర్చున్నవాడికి తెలిసేది కాదు.

పెళ్లయ్యాక కూడా కారు అక్కే నడిపేది. బావగారు ఎడంపక్క కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, దారిలో కనపడిన కొబ్బరిచెట్లూ కాలవ లాకులూ గీసుకుంటూ వెళ్లేవారు. ద్రాక్షారామం గుడి దగ్గర అక్క కారు దిగితే జనం కారు వైపు కాదు, ఆయన వైపు చూసి నవ్వేవారు. ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. "మా ఆవిడ నడుపుతుంది, నేను చూస్తాను. ఇద్దరం ఒకే పని చేస్తే రెండోది ఎవరు చేస్తారండి?" అనేవారు. ఆయన నేర్చుకోలేదు. ఎవరైనా నేర్పుతామన్నా, అది రత్నం సీటని తప్పుకునేవారు.

నాన్నగారు పోయాక కారు ఊక గొడౌన్లో ఓ మూలకి చేరింది. మిల్లు గొడవల్లో నేను పట్టించుకోలేదు, పిల్ల చదువుల్లో అక్క అడగలేదు. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. తలుపుల అడుగులు తుప్పుకి జల్లెడయ్యాయి. ఏళ్లు గడిచిపోయాయి.

కిందటేడు అక్క నడుస్తూ నడుస్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకోవడం మొదలైంది. పక్కన పెట్టిన కాఫీ గ్లాసు చెయ్యి తగిలి దొర్లేది. పరాకేమో అనుకున్నాం. దుర్గాశ్రీ, అంటే వాళ్లమ్మాయి, కాకినాడ నుంచి ఫోన్లో గొడవపెడితే రాజమండ్రి కంటాసుపత్రికి తీసుకెళ్లాం. గ్లకోమా అన్నారు. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కలు మాసిపోతూ వస్తాయి, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలుపుకోవడమే అని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. మందు వేసినా కొందరికి నిలుస్తుంది, కొందరికి జారుతుంది అని కూడా అన్నారు.

తిరిగొస్తుంటే నేను నా కారు నడుపుతున్నాను. బావగారు నా పక్కన, అక్క వెనక. కడియం నర్సరీల దగ్గరకి వచ్చాం. అప్పుడు అక్క అడిగింది.

"తమ్ముడూ, నాన్నగారి ఫియట్ ఇంకా గొడౌన్లోనే ఉందా?"

"ఉందక్కా. ఎందుకూ?"

"ఒక్కసారి నడపాలని ఉందిరా. రోడ్డు మీద కాదులే, మన కళ్లంలోనే. కనపడుతుండగానే."

నాకు ఎదురుగా రోడ్డు మసకైంది. ఏదో ఒకటి అనాలి కదా అని నోరు తెరిచేలోగా బావగారు అన్నారు.

"నేను విప్పుతాను."

"విప్పడం మీకు కొత్తా బావగారూ? బిగించేదెవరు?" అని కసిరాను. అంత బాధలోనూ నా నోరు ఊరుకోలేదు.

ఆయన వెనక్కి తిరిగి అక్క వైపే చూశారు. "బిగిస్తాను రత్నం" అన్నారు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. అక్క నమ్మిందో లేదో తెలీదు, సరేనంది.

దాళ్వా, అదే రెండో పంట, నాట్ల రోజుల్లో పని మొదలైంది. ఇంజను మా మిల్లు ఫిట్టరు లాజరు చూసుకునేట్టు, మిగతాదంతా బావగారు చూసుకునేట్టు మాట. మొదటిరోజు నేను వెళ్లేసరికి కారు చెక్కుచెదరకుండా ఉంది. ఎదురుగా స్టూలు వేసుకుని ఆయన బొమ్మ గీస్తున్నారు. మర్నాడూ అంతే. మూడోరోజు నాకు తిక్కరేగి, ఇది కారు బాగుచెయ్యడమా, పెళ్లిచూపులా అని అడిగాను. "తొందరపడితే మిగిలేవి సంచులే బావమరిదీ" అన్నారు. తన సంగతి తనకి తెలిసినవాడితో దెబ్బలాడడం కష్టం.

ఇక విప్పడం మొదలయ్యాక చూడాలి ఆయన వైభోగం. మండపేటలో కోళ్లఫారాలకేం కొదవ! గుడ్ల అట్టలు తెప్పించి ఒక్కో గుంటలో ఒక్కో రకం నట్టు పెట్టారు. పెద్ద బోల్టులు విప్పిన వెంటనే దేని కన్నంలో దాన్ని వేళ్లతో మళ్లీ తిప్పి వదిలేసేవారు, ఎక్కడివో వెతుక్కునే పని లేకుండా. స్క్రూలన్నీ పచ్చడి సీసాల్లోకి వెళ్లాయి. వైర్లకి కట్టడానికి అక్క పాత జాకెట్టు గుడ్డలు పీలికలు చేసి ఇచ్చింది. ముందు దీపాల వైర్లకి పసుపు, వెనక వాటికి ఎరుపు, హారనుకి చిలకపచ్చ. ఒకటి విప్పాక దాని పేరు రాసి కట్టందే రెండోదాని మీద చెయ్యి వెయ్యకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఎవరైనా టీకి పిలిచినా, సగం విప్పిన తాళాన్ని వదిలి కదిలేవారు కాదు. దుర్గాశ్రీ చెప్పిందని విప్పేముందు ఫోనుతో ఫొటోలు కూడా తీశారు గానీ, సగం ఫొటోల్లో ఆయన బొటనవేలే ఉంది. మిగతావి వాళ్ల స్కూలు మాస్టార్ల గుడ్ మార్నింగుల్లో కలిసిపోయాయి.

అక్క కిరసనాయిలు పళ్లెం ముందు పెట్టుకుని ఒక్కో సామానూ బ్రష్షుతో కడిగేది. ఎదురుగా ఉన్నంతవరకు ఆమె చూపు చురుకే. బోల్టు మరలో ఇరుక్కున్న ఊక నలుసు కూడా తీసేది. కడిగింది పక్కన పెట్టబోతే మాత్రం ట్రేలో కాకుండా నేల మీద పడేది. ఓ రోజు గొడౌన్లోకి వెళ్తూ గుడ్ల అట్టకి కాలు తగిలి పడబోయాను. అట్టలన్నీ దారికి అడ్డంగా, అక్క మోకాళ్లకి ఎదురుగా పరిచి ఉన్నాయి. "మనుషులు నడిచే చోట ఇదేం పెట్టడం?" అని అరిచాను.

బావగారు నన్ను బయటికి పిలిచి మెల్లగా చెప్పారు. "పక్కన పెడితే మీ అక్కకి కనపడ్డం లేదు. పడినప్పుడల్లా నొచ్చుకుంటోంది. కొంచెం కొంచెం ముందుకి జరుపుతున్నాను. నువ్వే కాస్త చూసి నడువు."

సొంత ఇంట్లో చెప్పులు ఎక్కడ విడిచారో వెతుక్కునే మనిషి, ఆవిడ చూపు ఎంతమేర ఉందో కొలుచుకుని అట్టలు జరుపుతున్నాడు. ఆ పూట ఆయన్ని గట్టిగా వాటేసుకోవాలనిపించింది. మా మధ్య అలాంటివి అలవాటు లేవు గనక, టీ చెప్పి ఊరుకున్నాను.

ఎండాకాలం చివరికి తుప్పంతా గీకి, రేకు పోయినచోట అతుకులు వేయించి, రెడాక్సైడ్ కొట్టి, రంగులు వేయడం అయింది. రంగు వేయాలంటే కట్టిన పీలికలూ చీటీలూ తీసేయాలి. బోల్టులు కూడా కన్నాల్లోంచి తీసి వాటికి వేరే పూత పూశారు. ఇక్కడే బావగారిలోని డ్రాయింగ్ మాస్టారు లేచాడు. దాళ్వా ధాన్యం వెళ్లిపోయి కళ్లం ఖాళీగా ఉంది. దాని మీద సుద్దముక్కతో, మనిషి నడిచి తిరగగలిగేంత పెద్దగా, కారుని విడదీసినట్టు బొమ్మ గీశారు. ఇక్కడ ముక్కు, ఇక్కడ తలుపులు, ఇక్కడ డాష్‌బోర్డు, ఏ తలుపుకి ఏ బోల్టో ఆ తలుపు పక్కనే చిన్న సున్నాలు. దాని మీద ఎక్కడి సామాను అక్కడ పేర్చారు. రంగులు ఎండుతాయి, లెక్క కూడా తేలుతుంది, రేపట్నుంచి బిగింపే అన్నారు. మిల్లు గోదాం మెట్లెక్కి పైనుంచి చూశాను. నిజం చెప్తున్నాను, అంత అందమైన వస్తువు మా కళ్లంలో ఎప్పుడూ ఎండలేదు. అక్కని కూడా మెట్లెక్కించి చూపించారు. ఆవిడ మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ ఎంతోసేపు చూసింది.

మర్నాడు కంటాసుపత్రికి వెళ్లాల్సిన రోజు. ఆకాశం నిర్మలంగా ఉంది. ముగ్గురం బయల్దేరాం. అక్కడ అక్కకి చూపు పరీక్ష మళ్లీ చేశారు. డాక్టరుగారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, పోయినసారికన్నా మాసిన మేర పెరిగిందన్నారు. మందు మార్చారు. ఏడాది చివరికి ఎలా ఉంటుందో చెప్పలేనన్నారు. తిరుగుదారిలో ద్వారపూడి దాటామో లేదో కుండపోతగా వాన. బావగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

మిల్లు గేట్లోకి వచ్చేసరికి వాన వెలిసింది. కళ్లం కడిగిన పళ్లెంలా ఉంది. సుద్దగీత ఒక్కటి లేదు. మధ్యలో పెద్ద కుప్ప, కుప్ప మీద బరకం, బరకం అంచుల మీద రాళ్లు. పక్కన అచ్చాయమ్మ తడిసి ముద్దై నిలబడి ఉంది. మా మిల్లులో ఆడకూలీల ముఠాకి పెద్దది ఆవిడ. లోపల సంచులు కుట్టుకుంటున్న వాళ్లందరినీ కేకేసుకుని వచ్చిందట.

"ఒక్క చుక్క పడనివ్వలేదండి మాస్టారూ!" అంది ఆయాసపడుతూ. "ఉరిమిందండి, అంతే. పెద్దయి చేతుల్తో ఎత్తేశాం, చిన్నయి ధాన్యం చెక్కల్తో నెట్టేశాం. క్షణంలో కుప్ప చేసి కప్పేశామండి."

కళ్లంలో ఏదైనా ఉండగా వాన వస్తే మా వైపు మనుషులు ఇంకేం చేస్తారు? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చేతులకి తెలిసిన పని అదొక్కటే. అది నాకూ తెలుసు. అయినా నా గుండెల్లోంచి ఓ కేక బయల్దేరి గొంతుదాకా వచ్చింది. బావగారు నా మణికట్టు పట్టుకున్నారు. గట్టిగానే పట్టుకున్నారు.

"మంచి పని చేశారమ్మా అచ్చాయమ్మా" అన్నారు. "లేకపోతే తుప్పు పట్టిపోయేవి. అందరూ తడిసిపోయారు, ముందు వెళ్లి తలలు తుడుచుకోండి. ఏవోయ్ బావమరిదీ, వీళ్లకి వేడిగా టీ చెప్పు."

అచ్చాయమ్మ ముఖం వెలిగిపోయింది. అక్క కారు దిగి ఆ కుప్ప దగ్గరికి నడిచింది. బరకం మీద చెయ్యి వేసి, ఇంటికి పోదామంది. నాకు ఆ రాత్రంతా అటకే కళ్ల ముందు ఆడింది.

మర్నాడు ఎండెక్కాక బావగారు మిల్లు ఆఫీసుకి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "పాత గోనెసంచులేమన్నా ఉన్నాయా?"

నేను భగ్గుమన్నాను. "లేవు! ఉన్నా ఇవ్వను. చూస్తూనే ఉన్నాను బావగారూ, ఇది వస్తుందని చూస్తూనే ఉన్నాను. మిక్సీ అంటే ఊరుకున్నాం. ఫ్యాను అంటే విసురుకున్నాం. ఇది మా అక్క అడిగిన ఒక్క కోరిక. మళ్లీ సంచుల్లో కట్టి పైన పడేస్తారా? ఆవిడకి ఇంకెన్నాళ్లు కనపడుతుందని మీ ఉద్దేశం?"

ఆయన నా అరుపు అయ్యేదాకా ఆగారు. అప్పుడు అన్నారు, "కూర్చోడానికోయ్. సిమెంటు కాలుతోంది. మీ అక్క అప్పుడే వచ్చి కూర్చుంది."

నేను లేచి, నా చేతులతో సంచులు మోసుకెళ్లి పరిచాను. ఇంకేం చేస్తాను.

కుప్ప విప్పుతుంటే అచ్చాయమ్మ వచ్చింది. ఏంటండి, ఇవన్నీ మళ్లీ వేరు చేస్తున్నారని అడిగి, కాసేపు చూసి, నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యబాబోయ్, మేం కలిపేశామాండి?"

"ఎలాగూ కలపాల్సిందేనమ్మా. అన్నీ కలిస్తేనే కదా కారు" అన్నారు బావగారు.

ఆవిడ గబగబా లోపలికి వెళ్లింది. మధ్యాహ్నానికి మిల్లు ఆడవాళ్లు ఇళ్లనుంచి చేటలు పట్టుకుని వచ్చారు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు కూర్చుని బోల్టులు ఏరారు. పొడుగువి, పొట్టివి, లావువి, సన్నవి వేరయ్యాయి. "ఇది నీ మొగుడిలా ఉందే, తల తప్ప ఒళ్లు లేదు" అని ఒకరు, "ఇది మా అత్త, ఎటు తిప్పినా బిగుసుకునే ఉంది" అని ఇంకొకరు. అక్క పగలబడి నవ్వుతోంది. సైజులు తేలాయి సరే, ఏది ఎక్కడిదో మాత్రం ఎవరికీ తెలీదు. బొమ్మ వానలో పోయింది. మొదట్లో కాగితం మీద గీసినవి పైపై బొమ్మలే, వాటిలో బోల్టుల లెక్క లేదు.

అప్పట్నుంచి బావగారు చేసిన పని నేను జన్మలో మరిచిపోను. ఒక తలుపు తీసుకుని, ఒక కన్నం చూసి, అక్కడ పట్టే సైజు బోల్టులన్నీ వరుసగా పెట్టి చూడడం. పట్టకపోతే తీసి ఇంకోటి. పట్టింది అనుకున్నాక తలుపు మూయకపోతే మొత్తం విప్పి మళ్లీ మొదలు. అక్క ఎదురుగా కూర్చుని, బోల్టు మరని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, అరిగిందో లేదో చెప్పేది. లాజరు తన వంతు ఇంజను ముగించుకుని, సాయం పడతానని వస్తే, బరువులెత్తడానికే రానిచ్చారు గానీ పానా ఇవ్వలేదు. బొమ్మ గీయాలన్న ధ్యాసే లేదు ఆయనకి. వేళ్లు పగిలాయి. గోళ్లలో గ్రీజు అన్నం తినేటప్పుడు కూడా ఉండేది. ఓ సాయంత్రం, పోనీ రాజమండ్రి గ్యారేజీకి లాగించి పారేద్దామా అని అడిగాను. "రత్నానికి నేను మాటిచ్చాను, గ్యారేజీవాడు ఇవ్వలేదుగా" అన్నారు. క్లచ్ పెడలు స్ప్రింగు ఎంత వెతికినా దొరకలేదు. నీళ్లతోపాటు కాలవలోకి పోయి ఉంటుంది. లాజరు మా జల్లెడ స్ప్రింగు ఒకటి కత్తిరించి వేశాడు. నా మిల్లు సామాను నన్ను అడక్కుండా కోసినా ఎవరినీ తిట్టనిది నా జీవితంలో ఆ ఒక్కసారే.

తొలి పంట సార్వా కోతలు మొదలయ్యాక ఫియట్ పలికింది. ముందు దగ్గింది, తర్వాత నల్లటి పొగ, తర్వాత ఆ పాత చప్పుడు. అక్క గొడౌన్ గుమ్మంలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. బావగారు కంగారుపడి ఇంజను ఆపేశారు. "ఆపకండి!" అని కోప్పడింది.

అంతా అయింది గానీ, కళ్లం నిండా ధాన్యం. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెబుతున్నారు. అలాంటప్పుడు దొరికిన ఒక్క ఎండ కూడా వదులుకోకూడదు. ఈ ధాన్యం ఎండి సంచుల్లోకి వెళ్లాక నడుపుదువుగాని అక్కా అన్నాను. దానికేం రా, తొందరేముందని ఆవిడే అంది. ఆ మాట అంటూ నాకు మంచినీళ్లు వంచింది. నీళ్లు గ్లాసు పక్కనుంచి బల్ల మీద పడ్డాయి. బావగారు గుడ్డ తెచ్చి తుడిచారు. నీళ్లబిందె దింపి వెళ్లడానికి వచ్చిన అచ్చాయమ్మ అది చూసింది.

మర్నాడు పొద్దెక్కాక నేను మిల్లుకి వెళ్లాను. ఎండ చుర్రుమంటోంది, నా ధాన్యమంతా కుప్పలు చేసి ఉంది. కళ్లం నడుమ అంతా ఖాళీ. దూరంగా పక్క మిల్లు వాళ్లు కూడా మమ్మల్ని చూసి, వానేదో వస్తోందని బెంబేలెత్తి, వాళ్ల ధాన్యం కుప్పేసుకుంటున్నారు.

"ఎవరెత్తమన్నారు?" అని అరిచాను.

"నేనేనండి" అంది అచ్చాయమ్మ.

"వానెక్కడే?"

"వాన లేదండి. అమ్మగారు కారు నడుపుతారని ఎత్తాం. ధాన్యం రేపైనా ఎండుద్దండి బాబుగారూ."

నేనే వెళ్లి అక్కని తీసుకొచ్చాను.

అక్క స్టీరింగు ముందు కూర్చుంది. బావగారు ఎప్పటిలా ఎడంపక్క కూర్చున్నారు, ఒళ్లో అట్ట మాత్రం లేదు. గేరు పడిన చప్పుడే వినపడలేదు. ఫియట్ కదిలింది. కుప్పల మధ్య నుంచి కళ్లం చివరికి వెళ్లి, మెల్లగా తిరిగి, మళ్లీ వచ్చింది. "ఎడంవైపు కుప్ప, రత్నం" అని ఆయన చెప్పడం వినపడుతోంది. ఆవిడ మెడ తిప్పి చూసి, స్టీరింగు తిప్పుతోంది. నాన్నగారు ఉంటే బావుండునని నాకు ఏడుపొచ్చింది. ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. అలా తిరిగి తిరిగి, ఒకసారి ఎడంవైపు చక్రం ధాన్యం అంచుని తొక్కింది. ఆయన చెప్పడం ఆలస్యం కాలేదు. ఆవిడకి కనపడలేదు.

అక్క బ్రేకు వేసింది. ఇంజను ఆపింది. బావగారు, ఏం కాలేదు, ధాన్యమేగా అంటున్నారు. ఆవిడ తలుపు తీసుకుని దిగి, కారు చుట్టూ చేత్తో తడుముకుంటూ ఎడంవైపుకి వచ్చింది. ఆయన వైపు తలుపు తీసింది.

"జరగండి" అంది.

"ఎక్కడికీ?"

"అటు. స్టీరింగు ముందుకి."

"నాకు రాదు రత్నం. నీకు తెలుసుగా."

"నేర్పుతాను. నాకు ఎదురుగా కనపడుతున్నన్నాళ్లు ఈ పక్కన కూర్చుని చెప్తాను. ఆ తర్వాత మీరు తిప్పుదురుగాని నన్ను. చెట్టొస్తే చెట్టని, లాకొస్తే లాకని చెప్తూ తిప్పండి."

ఇన్నేళ్లు ఎవరెంత పోరినా అది రత్నం సీటని తప్పుకున్న మనిషి, ఆ సీట్లోకి నెమ్మదిగా జరిగారు. పగిలిన వేళ్లతో స్టీరింగు పట్టుకున్నారు. తాళం తిప్పారు, ఏదో తొక్కారు. కారు కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఆయన బిక్కమొహం వేసి అక్క వైపు చూశారు.

"క్లచ్చి అంత గభాలున వదలకూడదు" అంది అక్క. "మళ్లీ స్టార్ట్ చెయ్యండి. ఇంకా బోలెడు పొద్దుంది."